గట్టు మీద వినే పాఠం: ఆన్‌లైన్ కోర్సుకు స్క్రిప్టు, ఆడియో తయారీ

మేత వెయ్యండి. మేత వెయ్యకండి.

ఈ రెండు వాక్యాలకూ తేడా ఒక్క ‘క’. నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట వైపో విడవలూరు వైపో రొయ్యల గుంట గట్టు మీద, నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతుంటే, చొక్కా జేబులోని ఫోను స్పీకర్లోంచి వచ్చే పాఠంలో ముందు ఎగిరిపోయేది ఆ ‘క’యే. తెలుగులో చెయ్యాలా వద్దా అన్న సంగతి వాక్యం చివర తేలుతుంది. చదివే మనిషికేమో అక్కడికొచ్చేసరికి ఊపిరి అయిపోతుంది, గొంతు దిగిపోతుంది. విన్న రైతు సరిగ్గా తిరగబడిన సలహా పట్టుకుని వెళ్తాడు.

కోర్సు ఆడియోలో వచ్చే తప్పులు చాలావరకు ఇలాంటివే. మైకు మార్చితే పోవు. అందుకే ఇక్కడ మైకు కంటే స్క్రిప్టుకు ఎక్కువ చోటిచ్చాం. ఉదాహరణలన్నీ రొయ్యల సాగు కోర్సు నుంచే తీసుకున్నాం. చీమకుర్తి క్వారీలో భద్రత గురించైనా, పొగాకును బ్యారన్‌లో (ఆకు ఆరబెట్టే వేడి గదిలో) కాల్చడం గురించైనా, ఉదయగిరి చెక్క గరిటెల పని నేర్పడానికైనా పద్ధతి ఇదే.

రాయబోయే ముందు

ఒక్కో ఆడియో ముక్కకు ఒక్క పని పెట్టుకోండి. కాగితం పైన ఒక వాక్యం రాయండి: ఇది విన్న మనిషి ఏం చెయ్యగలగాలి? ‘చెక్ ట్రే (మేత ఎంత మిగిలిందో చూడటానికి గుంటలో దించే పళ్లెం) గురించి తెలుసుకుంటారు’ అని రాస్తే ఆ పాఠం ఎటు పోతుందో మీకే తెలియదు. ‘మేత వేశాక టైముకు చెక్ ట్రే ఎత్తి, మిగిలిన మేత చూసి, తర్వాతి మేత పెంచాలో తగ్గించాలో చెప్పగలగాలి’ అని రాస్తే సగం స్క్రిప్టు అక్కడే వచ్చేసినట్టు. ఈ వాక్యంలో పనులు రెండు కనిపిస్తే పాఠాలు కూడా రెండు చెయ్యండి.

నిడివి మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు. మాటల లెక్క దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఇంగ్లీషు నేరేషన్‌కు నిమిషానికి 140, 150 మాటలని ఎక్కడో చూసి తెలుగుకూ అదే పెట్టేస్తారు. మన మాట ఒక్కటే అక్కడి మూడు మాటల పని చేస్తుంది. ‘పట్టుకోవాలనుకుంటున్నవాళ్లకు’ అనేది మనకు ఒకే మాట. తెలుగు నేరేషన్ నిమిషానికి 90 నుంచి 110 మాటల మధ్య నడిస్తే వినడానికి తేలిగ్గా ఉంటుంది. నాలుగు నిమిషాల పాఠానికి 400 మాటలు పైహద్దు. మధ్యలో బొమ్మ చూపించి ఆగే చోట్లుంటే 350 దగ్గర ఆపండి. గొంతు ఇచ్చే మనిషి చేత 200 మాటలు టైమరు పెట్టి చదివించి సొంత లెక్క కట్టుకుంటే ఇంకా నయం.

స్క్రిప్టును మూడు గడుల పట్టికగా పెట్టుకోండి: వరస అంకె, వినిపించేది, తెర మీద కనిపించేది. వినిపించేదే తెర మీద పూర్తిగా అచ్చు వేయకండి. కన్ను ముందు పరుగెత్తి చదివేస్తుంది, చెవి వెనకబడుతుంది, రెండూ సగం సగం అవుతాయి. తెర మీద అంకె, బొమ్మ, రెండు మూడు మాటలు ఉంటే చాలు.

టైపింగు సంగతి ఇప్పుడే చెప్పాలి. ఊళ్లో డీటీపీ షాపులో ఇస్తే చాలాచోట్ల అను ఫాంట్లలో కొడతారు. అది యూనికోడ్ (ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు. ఆ ఫైలు ముద్రణకు బాగుంటుంది గానీ, సబ్‌టైటిళ్ల కోసం కాపీ చేసి పెడితే పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోనే కొట్టమని మొదటే చెప్పండి.

చెవికి రాయడం

ఇలాంటి వాక్యం మీ స్క్రిప్టులో ఉందా చూడండి:

‘నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువు యొక్క పరిమాణం లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తక్కువకు పడిపోయినట్లయితే రొయ్యలు ఒత్తిడికి లోనై మేత స్వీకరించడం తగ్గించి నీటి ఉపరితలానికి చేరుకొనును.’

వ్యాకరణంలో తప్పు లేదు. కానీ వినేవాడు క్రియ కోసం వాక్యం చివరిదాకా కాచుకుని కూర్చోవాలి. ‘పడిపోయినట్లయితే’, ‘లోనై’, ‘తగ్గించి’ అంటూ వాక్యాన్ని గొలుసులా లాగితే మొదటి కొక్కెం ఎప్పుడో జారిపోయి ఉంటుంది. విడగొట్టండి:

‘నీళ్లలో ఆక్సిజన్ చూసుకోండి. లీటరుకు నాలుగు మిల్లీగ్రాముల కంటే తగ్గకూడదు. తగ్గితే రొయ్య మేత తగ్గించేస్తుంది. ఇంకా తగ్గితే పైకి తేలుతుంది. ఇది ఎక్కువగా తెల్లవారుజామున జరుగుతుంది. రాత్రంతా నీళ్లలోని నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది కదా, అందుకు.’

వాక్యానికి పది మాటలు దాటితే అనుమానించండి. ‘యొక్క’, ‘చేయబడును’, ‘గమనించగలరు’ కనబడితే కొట్టేయండి. ‘పైన చెప్పినట్టు’ అని కూడా రాయకండి. చెవికి పైనా కిందా ఉండవు, ‘ఇందాక చెప్పినట్టు’ అనాలి.

మొదట్లో చెప్పిన ‘క’ సమస్యకు మందు స్క్రిప్టులోనే ఉంది. వద్దు అని చెప్పాల్సిన చోట క్రియనే మార్చండి. ‘మేత వెయ్యకండి’ బదులు ‘మేత ఆపండి’. ‘ఏరేటర్ ఆపకండి’ బదులు ‘ఏరేటర్ తిరుగుతూనే ఉండాలి’. ఎలా మార్చినా కుదరకపోతే రెండోసారి వేరే మాటల్లో చెప్పండి: ‘మందు కలపకూడదు. వద్దే వద్దు.’ స్క్రిప్టు అంతా రాశాక ఆజ్ఞ ఉన్న వాక్యాలన్నిటికీ రంగు వేసి, ఈ పరీక్ష ఒక్కటే పెట్టుకుని ఒకసారి చదవండి.

అంకెలతో ఇదే గొడవ. ఇరవై, అరవై చిన్న స్పీకర్లో ఒకేలా వినిపిస్తాయి. ముఖ్యమైన అంకెను తెర మీద పెద్దగా చూపించి, నోటితో ఇంకో దారిలోనూ చెప్పండి: ‘అరవై గ్రాములు, అంటే యాభై మీద ఇంకో పది’. స్క్రిప్టులో ‘వినిపించేది’ గడిలో అంకెలు వద్దు, అక్షరాల్లోనే రాయండి. 7.5 అని ఉంటే ఒకరు ‘ఏడు పాయింట్ ఐదు’ అంటారు, ఇంకొకరు ‘ఏడున్నర’ అంటారు, ఒకే కోర్సులో రెండూ దొర్లుతాయి. ‘పీహెచ్ ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య’ అని రాసిపెడితే ఆ బాధ లేదు. పెద్ద అంకెలు గుండ్రం చేయండి. చదరపు మీటరుకు 40 రొయ్య పిల్లల లెక్కన ఎకరాకు 1,61,880 వస్తుంది. నోటితో ‘ఎకరాకు సుమారు లక్షా అరవై వేలు’ చాలు, మిగతా అంకెలు తెరకు వదిలేయండి.

ఇక మాటల ఎంపిక. గోదావరి జిల్లాల స్క్రిప్టు తెచ్చి నెల్లూరులో వాడితే మొదట తగిలేది ‘రొయ్యల చెరువు’. ఇక్కడ రొయ్యలుండేది గుంటలో. చెరువంటే ఆయకట్టుకు నీళ్లిచ్చేది. ‘చెరువులోకి నీళ్లు వదలండి’ అంటే అర్థం ఎటో పోతుంది. సీడ్, ఫీడ్, కౌంట్, ఏరేటర్, వెనామీ (రొయ్య రకం), వైట్ స్పాట్ (రొయ్యకొచ్చే తెల్లమచ్చ రోగం) అన్నవి రైతు నోట్లో నలిగిన మాటలు, వాటికి కొత్తగా తెలుగు పుట్టించకండి. వివరణ అవసరమైన చోట మాత్రం ఒక్కసారి ఇవ్వండి: ‘వంద కౌంట్ అంటే కిలోకు వంద రొయ్యలు, ఒక్కోటి పది గ్రాములు.’ యాస విషయంలో మా అభిప్రాయం గట్టిది. గొంతు ఇచ్చే మనిషిది నెల్లూరే అయితే ఆ పలుకును చెరపకండి. బయటి మనిషి చేత ‘ఏందబ్బయా’ అనిపించకండి. సినిమా కామెడీ లాగా ఉంటుంది, పాఠం మీద గౌరవం పోతుంది. వినేవాళ్లను ‘మీరు’ అంటే సరిపోతుంది. ‘రైతన్నా’ అని ప్రతి పేరాకూ పిలిస్తే గుంట చూసుకునే ఆడవాళ్లకు అది తమ పాఠం కాదనిపిస్తుంది.

మోతాదులు, మందుల పేర్లున్న వాక్యాలను ఆక్వా చదువుకున్న మనిషి చేత సరిచూపించి, పక్కన సంతకం పెట్టించుకోండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు రొయ్యల్లో నిషేధం. వాటి అవశేషాలు దొరికితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది. ఇలాంటి చోట ఒక్క పేరు తప్పు పలికినా పాఠం ప్రమాదమే. పలకడం కష్టమైన పేర్లన్నీ తెలుగు అక్షరాల్లో వేరే కాగితం మీద రాసి, చదివే మనిషికి ముందురోజే ఇవ్వండి.

చివరగా స్క్రిప్టు మొత్తం పైకి చదవాలి. నాలుక తడబడిన ప్రతిచోటా తప్పు నాలుకది కాదు, వాక్యానిది.

గది

టైల్స్ నేల, స్లాబు కప్పు, సున్నం గోడలు: మన ఇళ్లన్నీ గొంతును బంతిలా తిప్పికొడతాయి. గది మధ్యలో నిలబడి ఒక చప్పట్టు కొట్టండి. దాని వెనకాల ‘టంగు’ మని తోక వినిపిస్తే ఆ గది ఇంకా సిద్ధం కానట్టు. రికార్డులోకి ఎక్కిన ప్రతిధ్వనిని తర్వాత శుభ్రంగా తీసెయ్యడం చాలా కష్టం.

పరుపున్న పడగ్గది, గుడ్డలతో నిండిన అలమర ఎదురుగా ఉన్న మూల మంచివి. దుప్పటి పలచన, పనికిరాదు. బొంతలు, రజాయిలు కావాలి. ఎక్కడ కట్టాలన్నదే అసలు కిటుకు. ఎక్కువమంది మైకు వెనక గోడకు కడతారు. కార్డియాయిడ్ రకం మైకు తన ముందున్నదే ఎక్కువగా వింటుంది. దాని ముందున్నది మాట్లాడే మనిషి, ఆ మనిషి వెనక గోడ. కాబట్టి మొదటి బొంత మాట్లాడే మనిషి వీపు వెనక, గోడకు ఓ పిడికెడు ఎడంగా వేలాడాలి. రెండోది పక్కన. కోడిగుడ్ల అట్టలు, పలచటి ఫోమ్ ముక్కలు పై స్వరాలను మాత్రమే మింగి, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు చేస్తాయి.

ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్ ఆపాలి. మే నెలలో ఒంగోలులో ఫ్యాను ఆపి కూర్చోవడం మాటలు కాదు. ముందు అరగంట ఏసీ వేసి గది చల్లబరిచి, ఆపి, 20 నిమిషాలు రికార్డు చేసి, మళ్లీ వేయండి. ఫ్రిజ్ ఆపినప్పుడు బండి తాళం అందులో పెట్టండి, మళ్లీ ఆన్ చేయడం మర్చిపోరు.

వేళ చూసుకోవాలి. తెల్లవారుజాము ప్రశాంతం అనుకుంటారు గానీ గుడి మైకు, అజాన్, కోళ్లు, పాలబండి అన్నీ అప్పుడే. రాత్రి పది దాటాక నయం. రైలు మార్గం నెల్లూరు, కావలి, ఒంగోలు ఊళ్ల మధ్యలోంచే పోతుంది కాబట్టి పట్టాల పక్క ఇల్లయితే బండి పోయేదాకా ఆగి, వాక్యం మొదటి నుంచి చదవడం తప్ప దారి లేదు. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, రేకుల కప్పు కింద రికార్డింగు పెట్టుకోకండి.

మైకు, రికార్డింగు

నాలుగైదు వేల రూపాయల యూఎస్‌బీ మైకు కోర్సుకు సరిపోతుంది. గది అంత బాగా లేకపోతే కండెన్సర్ కంటే డైనమిక్ రకం మేలు, దూరపు శబ్దాలను తక్కువగా పట్టుకుంటుంది. అదీ లేకపోతే వైరున్న కాలర్ మైకు, ఫోను. బ్లూటూత్ హెడ్‌సెట్ మాత్రం వద్దు. మైకుగా వాడినప్పుడు అది ఫోన్ కాల్ నాణ్యతకు దిగిపోతుంది.

నోటికీ మైకుకూ రెండు బెత్తెల దూరం, అంటే 15 సెంటీమీటర్లు. మైకు సూటిగా నోటి ముందు కాకుండా కాస్త పక్కకు, పెదవి మూల వైపు చూసేలా పెట్టండి. ప, ఫ, భ పలికినప్పుడు వచ్చే గాలి మైకు పక్కనుంచి పోతుంది. పాప్ ఫిల్టర్ (మైకు ముందు పెట్టే గాలి తెర) ఉంటే ఇంకా మంచిది.

సెట్టింగులు: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో (ఒకే చానెల్), వేవ్ ఫైలు. ఐదు నిమిషాలకు 43 మెగాబైట్లు అవుతుంది. అంత పెద్దదేమిటని ఎంపీ3లో రికార్డు చేయకండి, అది చివరి మెట్టు. గట్టిగా చదివిన మాటకు మీటరు మైనస్ 12 నుంచి మైనస్ 6 డీబీ మధ్య ఆడేలా గెయిన్ (మైకు శబ్దం పెంచే, తగ్గించే మీట) పెట్టండి. సున్నాను తాకి చిట్లిన గొంతు బాగుపడదు. తగ్గిన గొంతును పెంచుకోవచ్చు. ల్యాప్‌టాప్ చార్జరు పీకేసి బ్యాటరీ మీద నడపండి. కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ గుంయ్ శబ్దం చాలాసార్లు అక్కడి నుంచే వస్తుంది.

మొదట 30 సెకన్లు ఎవరూ కదలకుండా గది నిశ్శబ్దాన్నే రికార్డు చేయండి. నాయిస్ తగ్గించడానికీ, కోతల మధ్య ఖాళీ పూడ్చడానికీ అది కావాలి. తప్పు చదివితే ఆపకండి. రెండు సెకన్లు ఆగి, చిటికె వేసి, వాక్యం మొదటి నుంచి చదవండి. చిటికె వేవ్‌ఫామ్‌లో (తెర మీద కనిపించే శబ్దం గీతలో) ముల్లులా నిలబడుతుంది, ఎడిటింగులో తప్పులన్నీ ఒక్క చూపులో దొరుకుతాయి. వాక్యం మధ్యలోంచి అందుకుంటే స్వరం అతకదు.

చదివే కాగితంలో 16 పాయింట్ల అక్షరాలుండాలి, ఒక వాక్యం రెండు పేజీలకు విరగకూడదు. ఊపిరి తీసుకునే చోట గీత పెట్టండి. వాక్యం చివరి క్రియ కింద అడ్డగీత పెట్టండి, అక్కడ గొంతు దించకూడదని గుర్తుగా. పక్కన ఒకరు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినాలి. చదివే మనిషికి తన చివరి అక్షరం మింగిన సంగతి తెలియదు, ఎందుకంటే మనసులో అది వినిపించే ఉంటుంది.

ఫైళ్ల పేర్లు అంకెల్లో పెట్టండి: 03_07_2 అంటే మూడో మాడ్యూలు, ఏడో స్లైడు, రెండో టేకు. తెలుగు అక్షరాల పేర్లు కొన్ని లెర్నింగ్ సాఫ్ట్‌వేర్లలో ఎక్కించేటప్పుడు చెడిపోతాయి.

ఎడిటింగు

ఆడాసిటీ అనే ఎడిటింగు సాఫ్ట్‌వేరు ఉచితం, చాలు. వరస ముఖ్యం. ముందు తప్పులు కోసేయండి. తర్వాత హై పాస్ ఫిల్టర్ (గొంతు కంటే కిందున్న గుంయ్ శబ్దాలను తీసేసేది), మగ గొంతుకు 80 హెర్ట్జ్, ఆడ గొంతుకు 100. తర్వాత నాయిస్ రిడక్షన్: రికార్డు చేసిన నిశ్శబ్దాన్ని చూపించి, 6 నుంచి 9 డీబీ మాత్రమే. 20 పెడితే నిశ్శబ్దం అద్భుతంగా ఉంటుంది, మనిషి మాత్రం నీళ్లలోంచి మాట్లాడినట్టుంటాడు. ఆపైన కంప్రెసర్ (పెద్ద శబ్దాలకూ చిన్న శబ్దాలకూ తేడా తగ్గించేది), నిష్పత్తి మూడుకు ఒకటి. వాక్యాల చివర దిగిపోయిన గొంతును ఇది కొంత లేపుతుంది, పూర్తిగా మింగేసిన అక్షరాన్ని మాత్రం తేలేదు. ఫోను స్పీకర్లో కింది స్వరాలు ఎటూ వినపడవు, మాట తెలిసేది 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య. అక్కడ ఓ 2, 3 డీబీ పెంచండి. చివరకు లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌లో మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత), మోనోను డ్యూయల్ మోనోగా లెక్కించే గడిలో టిక్కు పెట్టి. దాని మీద మైనస్ 1.5 డీబీ దగ్గర లిమిటర్ (శబ్దాన్ని ఆ హద్దు దాటనివ్వనిది).

ఊపిరి శబ్దాలన్నీ కోసేయకండి, మనిషి గొంతు యంత్రంలా అవుతుంది. వాక్యాల మధ్య అర సెకను, కొత్త విషయానికి ముందు ఒకటిన్నర సెకన్లు ఖాళీ ఉంచండి. మాట వెనకాల సంగీతం వద్దు. గట్టు మీద ఏరేటర్ల సంగీతం చాలినంత ఉంది.

చివరి ఫైలును ఎంపీ3, మోనోలో ఎక్స్‌పోర్ట్ చేయండి. 64 కేబీపీఎస్‌లో ఐదు నిమిషాలకు 2.4 మెగాబైట్లు. సిగ్నలు సరిగా లేని తీరపు ఊళ్లకు ఇదే పంపండి, మాటకు ఇది సరిపోతుంది.

కంప్యూటరు గొంతుల సంగతి ఒక్క మాట. మైక్రోసాఫ్ట్‌ వాళ్ల మోహన్, శ్రుతి వంటి తెలుగు గొంతులు ఉన్నాయి. స్క్రిప్టు నిడివి చూసుకోవడానికి అవి బాగా పనికొస్తాయి. పాఠానికే వాడదలిస్తే అంకెలు, పొడి అక్షరాలు, ఇంగ్లీషు మాటలు ఎలా పలుకుతున్నాయో ప్రతి వాక్యం వినాలి. అంత విన్నాక మనిషి చేత చదివిస్తేనే తొందరగా అయ్యేదేమో అనిపిస్తుంది.

గట్టు మీద పరీక్ష

హెడ్‌ఫోన్లలో బాగుందని సంబరపడకండి. మామూలు ఫోనులో వేసి, తిరుగుతున్న ఏరేటర్‌కు పది అడుగుల దూరంలో నిలబడి, కోర్సు గురించి తెలియని ఇద్దరికి వినిపించండి. ‘బాగుందా?’ అని అడిగితే మర్యాదకు బాగుందంటారు. ‘ఇప్పుడు ఏం చెయ్యమంది?’ అని అడగండి. మీరు మొదట కాగితం పైన రాసుకున్న వాక్యం వాళ్ల నోటి నుంచి వస్తే పాఠం అయినట్టు. రాకపోతే ఎక్కడ తప్పిపోయిందో ఆ వాక్యం మళ్లీ రాసి, ఆ ముక్క ఒక్కటే మళ్లీ రికార్డు చేయండి.

ఆ ముక్క అతకాలంటే రికార్డింగు రోజునే మైకు స్టాండు, కుర్చీ, బొంతల ఫోటో తీసి ఉంచుకోవాలి. గెయిన్ మీట ఎక్కడ ఉందో, నోటికి ఎంత దూరమో స్క్రిప్టు చివర రాసి ఉండాలి. చదివే మనిషికి పాత ఆడియోలో ముందు వాక్యం వినిపించి, ఆ స్వరంలోనే అందుకోమనండి. జలుబు చేసి ఉంటే ఆ రోజు వదిలేయండి. ధరలు, లైసెన్సు నిబంధనల వంటివి ఏటా మారే వాక్యాలు. వాటిని మొదటి నుంచే విడి ఫైళ్లుగా ఉంచుకుంటే వచ్చే పంటకు ఆ రెండు ఫైళ్లు మార్చి ఎక్కిస్తే సరిపోతుంది.